శబ్దాలంటే ఇబ్బంది పడే పిల్లలకు బొమ్మల కథ: ఎలాంటిది రాయాలి, బొమ్మలు ఎలా సమకూర్చుకోవాలి

కుక్కర్ విజిల్ వేయగానే చెవులు మూసుకునే పిల్లలు, మిక్సీ స్విచ్ మీద చెయ్యి పడకముందే పక్క గదిలోకి పరిగెత్తే పిల్లలు, దీపావళి ఇంకా వారం ఉండగానే నిద్రలో ఉలిక్కిపడే పిల్లలు చాలా ఇళ్ళలో ఉంటారు. వాళ్ళ కోసం ఒక బొమ్మల కథ తయారు చేద్దామని కూర్చున్న అమ్మానాన్నలకు, అంగన్‌వాడీ టీచర్లకు, పిల్లల కథలు రాసేవాళ్ళకు మొదట్లోనే ఒక చిక్కు వస్తుంది. ఆ పిల్ల గురించే ఉన్నదున్నట్టు రాయాలా? కుందేలునో ఏనుగుపిల్లనో పెట్టాలా? మిక్సీకే నోరిచ్చి మాట్లాడించాలా? బొమ్మలు మనమే వేయాలా, ఫోన్‌లో ఫొటోలు తీస్తే చాలా, ఎవరిచేతైనా వేయించాలా?

ఈ దారులను కుదిరినంతవరకు ఒకే సన్నివేశం మీద పెట్టి చూద్దాం. వినాయక నిమజ్జనం రోజు, వీధిలోంచి డీజే లారీ వెళ్తోంది, ఇంట్లో ఐదేళ్ళ పిల్ల ఉంది. ఒక్కో పద్ధతిలో ఆ పేజీ ఎలా ఉంటుందో రాసి చూపిస్తే మీ ఇంటికి, మీ క్లాసుకు ఏది కుదురుతుందో మీకే తెలుస్తుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

శబ్దం ఎలాంటిది? మిక్సీ మన చేతిలో ఉంది, చెప్పి వేయొచ్చు. నిమజ్జనం తేదీ తెలుసు కానీ లారీ మన వీధికి ఎప్పుడు వస్తుందో తెలియదు. పక్క ఫ్లాట్‌లో గోడకు డ్రిల్లింగ్ ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో అసలే తెలియదు. మొదటి రకానికి "ముందే చెబుతాను" అనే ఉపాయం సరిపోతుంది. మూడో దానికి అది పనికిరాదు, శబ్దం వచ్చాక ఏం చేయాలో కథ చెప్పాలి.

పిల్లకు ఏమవుతోంది? భయమా, నొప్పా, చిరాకా అన్నది పెద్దవాళ్ళం మనమే ఊహించేసుకుంటాం. అడిగితే పిల్లలు చూపిస్తారు: కొందరు చెవి, కొందరు పొట్ట, కొందరు తల. భయపడే పిల్లకు ఏం జరగబోతోందో ముందే తెలిస్తే చాలా తేలికవుతుంది. చెవులు నొప్పిపుట్టే పిల్లకు ఎంత తెలిసినా నొప్పి తగ్గదు. చెవులకు అడ్డం (చెవులను కప్పే ఇయర్ మఫ్స్ లాంటివి) కావాలి, లేదా దూరం కావాలి. హోమ్‌వర్క్ మధ్యలో శబ్దం వస్తే చిరాకుపడే పిల్లకు ఈ రెండూ కాదు, పని కాసేపు ఆపి మళ్ళీ మొదలుపెట్టే పద్ధతి కావాలి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి మనం పట్టించుకోని శబ్దాలు కూడా భరించలేనంతగా వినిపిస్తాయి. వాళ్ళది మొండితనం కాదు. ఈ ఇబ్బంది ఉన్నట్టుండి మొదలైనా, చెవిపోటు ఉన్నా ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి. మాటలు రావడం ఆలస్యమైతే వినికిడి పరీక్షించే ఆడియాలజిస్ట్‌కు, పిల్లల ఎదుగుదల చూసే నిపుణులకు చూపించాలి. జిల్లా ఆసుపత్రుల్లోని డీఈఐసీ కేంద్రాలు (పిల్లల ఎదుగుదల సమస్యలను ముందే గుర్తించి సాయం చేసేవి) ఈ పని మీదే ఉన్నాయి. కథ పుస్తకం ఆ పరీక్షలకు బదులు కాదు.

ఎవరి కోసం? ఒక్క పిల్ల కోసమా, క్లాసులో ముప్పై మంది కోసమా, అచ్చు వేసి అమ్మడానికా అన్నదాన్ని బట్టి పద్ధతి మారిపోతుంది.

మీరు నిలబెట్టుకోగల మాట ఏది? నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. పుస్తకంలో "అమ్మమ్మ నన్ను వెనక గదిలోకి తీసుకెళ్తుంది" అని రాస్తే, ఆ రోజు అమ్మమ్మ ఇంట్లో ఉండాలి, ఆ గది ఖాళీగా ఉండాలి. "చెయ్యెత్తితే టీచర్ బయటకు పంపిస్తారు" అని రాస్తే టీచర్‌కు ఆ సంగతి తెలిసి ఉండాలి. పిల్ల పుస్తకాన్ని నమ్మి చెయ్యెత్తాక ఎవరూ పట్టించుకోకపోతే, అంత చక్కని బొమ్మలూ దండగే. కథ రాయడానికి ముందే ఇంట్లో అందరూ కూర్చుని, ఆ రోజు నిజంగా ఏం చేయగలరో మాట్లాడుకోండి. అక్కడ తేలిందే మీ కథ.

## ఒకటో దారి: పిల్ల సొంత కథ

1990ల మొదట్లో కరోల్ గ్రే అనే అమెరికన్ ఉపాధ్యాయురాలు ఆటిజం ఉన్న పిల్లల కోసం "సోషల్ స్టోరీ" అనే పద్ధతి తెచ్చారు. ఒక సందర్భంలో ఏం జరుగుతుంది, ఎందుకు జరుగుతుంది, అప్పుడు ఏం చేయొచ్చు అన్నవి చిన్న వాక్యాల్లో, పిల్ల మాటగానే, నెమ్మదైన గొంతుతో చెప్పడం దీని పని. ఇలా చెయ్యి, అలా చెయ్యకు అనే వాక్యాలు తక్కువ, విషయం వివరించే వాక్యాలు బాగా ఎక్కువ. ఆటిజం లేని పిల్లలకు కూడా ఈ పద్ధతి బాగా పనికొస్తుంది.

మన సన్నివేశం ఇందులో ఇలా ఉంటుంది:

> మా వీధిలోంచి వినాయకుడి ఊరేగింపు వెళ్తుంది. లారీ మీద పెద్ద పెద్ద స్పీకర్లు ఉంటాయి. పాట చాలా గట్టిగా వినిపిస్తుంది. కిటికీ అద్దాలు కూడా అదురుతాయి.
>
> కొంతమందికి ఆ శబ్దం ఇష్టం. నా చెవులకు అది ఇబ్బందిగా ఉంటుంది.
>
> నేను నీలం ఇయర్ మఫ్స్ పెట్టుకోవచ్చు. అమ్మమ్మతో వెనక గదిలో కూర్చోవచ్చు. లారీ వీధి చివరికి వెళ్ళాక శబ్దం తగ్గుతుంది. అప్పుడు ఇయర్ మఫ్స్ తీసేస్తాను.

చివరి వాక్యం ఊరికే పెట్టలేదు. రోజంతా చెవులు మూసుకుని ఉంటే మామూలు శబ్దాలు కూడా మరీ ఎక్కువగా అనిపించే ప్రమాదం ఉందని ఆడియాలజిస్టులు చెబుతారు. అందుకే పెట్టుకునే పేజీ ఉన్నట్టే తీసే పేజీ కూడా ఉండాలి. "కిటికీ అద్దాలు అదురుతాయి" అన్నది కూడా అవసరమే. శబ్దం ఎంత ఉంటుందో తగ్గించి చెబితే ఆ రోజు పిల్ల మోసపోయినట్టు అవుతుంది. "తప్పకుండా తగ్గుతుంది, ఐదు నిమిషాలే" అని టైం మాత్రం రాయకండి. లారీ మన ఇంటి ముందే ఆగి అరగంట పాట వేయొచ్చు.

ఈ పద్ధతి బలం సూటిదనం. నిమజ్జనం వచ్చే వారమే అయితే, ఒక సాయంత్రంలో ఎనిమిది పేజీలు తయారు చేసి పిల్ల చేతిలో పెట్టొచ్చు. లోటు కూడా అక్కడే ఉంది. ఇది మీ పిల్లకు, మీ ఇంటికి మాత్రమే సరిపోతుంది. క్లాసులో అందరి ముందు చదివితే ఆ ఒక్క పిల్ల వైపే అందరి కళ్ళూ తిరుగుతాయి. కాస్త పెద్ద పిల్లలు, ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళు, "ఇది నా గురించి రాశారు" అని సిగ్గుపడి పుస్తకం పక్కన పడేస్తారు కూడా.

## రెండో దారి: జంతువు కథ

ఎక్కువమంది ముందు ఇటే మొగ్గుతారు. బొమ్మలు వేయడం సరదా, పిల్లలకు వినడమూ సరదా. మన సన్నివేశమే, ఈసారి అడవిలో:

> ధన్! ధన్! ధన్!
>
> బుల్లి కుందేలు రెండు చెవులూ కిందికి వాల్చేసింది. అయినా ధన్ ధన్ ఆగలేదు.
>
> "తాతా, డప్పు బయట మోగుతోందా, నా పొట్టలో మోగుతోందా?"
>
> "రెండు చోట్లా మోగుతోందిరా బుజ్జీ. పొట్ట మీద చెయ్యి పెట్టు. నాతో పాటు మెల్లిగా ఊపిరి తీసుకో."

ఇబ్బంది కుందేలుది కాబట్టి పిల్ల కొంచెం దూరంగా కూర్చుని చూడగలుగుతుంది. క్లాసులో ఎవరినీ వేలెత్తి చూపకుండా అందరితో మాట్లాడొచ్చు. శబ్దం ఇబ్బంది లేని పిల్లలకు కూడా, పక్కవాడు చెవులు మూసుకుంటే నవ్వకూడదని ఏ నీతివాక్యం లేకుండానే అర్థమవుతుంది. టీచర్లకు, అచ్చు కోసం రాసేవాళ్ళకు ఇదే సరైన దారి.

జాగ్రత్త పడాల్సింది ఉపాయం దగ్గర. కుందేలు బొరియలోకి దూరి బయటపడితే మన పిల్లకు బొరియ ఎక్కడిది? ఊహను, నిజాన్ని విడదీసుకోవడం కష్టమైన పిల్లలకు ఇలాంటి చోట కథ తెగిపోతుంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకోవడం, పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకోవడం, నెమ్మదిగా ఉన్న చోటికి వెళ్ళడం లాంటివి జంతువూ చేయగలదు, పిల్లా చేయగలదు. అలాంటివే పెట్టండి.

ఇంకోటి, ముగింపు. జంతువు కథలు రాసేవాళ్ళు ఎక్కువగా చివరి పేజీలో భయం మొత్తం పోయి కుందేలు డప్పు ముందు గంతులేస్తున్నట్టు వేస్తారు. నాకు ఈ ముగింపు ససేమిరా నచ్చదు. పుస్తకం మూసేసిన పిల్లకు వచ్చే ఏడాది కూడా చెవులు నొప్పిపుడతాయి. అప్పుడు "కుందేలుకు పోయింది, నాకు పోలేదు" అనుకుంటుంది. శబ్దం ఇంకా ఉంది, ఇబ్బందీ కొంత ఉంది, కానీ ఏం చేయాలో కుందేలుకు తెలుసు. అక్కడ ఆపితే చాలు. ఊరేగింపును మేడ మీది నుంచి దూరంగా చూసి ఆనందించినా అది పండుగ చేసుకోవడమే.

## మూడో దారి: శబ్దానికే నోరివ్వడం

మిక్సీయే మాట్లాడుతుంది: "నేను రాగానే బర్ర్‌ర్‌ మంటాను. నాకు పల్లీలు నలగ్గొట్టే పని ఉంది మరి. నువ్వు పది లెక్కపెట్టేలోపు ఆపేస్తాను." కుక్కర్, వాషింగ్ మెషీన్, గ్రైండర్ లాంటి ఇంటి శబ్దాలకు ఇది ముచ్చటగా కుదురుతుంది. శబ్దం ఎక్కణ్ణుంచి వస్తుందో, ఎందుకు వస్తుందో పిల్లకు తెలుస్తుంది. స్విచ్ పిల్ల చేతే వేయించి, పది లెక్కపెట్టించి, పిల్ల చేతే ఆపించొచ్చు కూడా.

డీజే లారీకి, టపాకాయలకు మాత్రం ఈ పద్ధతి వద్దు. టపాకాయను నేస్తంగా చూపిస్తే పిల్ల దగ్గరికి వెళ్ళాలనుకుంటుంది. లారీ మీది స్పీకర్ పక్కన నిలబడటం ఎవరి చెవులకూ మంచిది కాదు. దూరంగా జరగడమే సరైన పని అయిన చోట స్నేహం నేర్పకూడదు.

## నాలుగో దారి: మాటలు తక్కువ, చప్పుళ్ళు ఎక్కువ

రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు కథ కన్నా ఆట బాగా ఎక్కుతుంది. పేజీకో చప్పుడు: గిన్నె ఠంగ్‌మంది, తలుపు ధడేల్‌మంది, వాన టపటపా పడింది, డప్పు ధన్ ధన్ మంది. చదివేటప్పుడు చప్పుడు చేసేది పిల్లే. గట్టిగానా, మెల్లిగానా అన్నది పిల్ల ఇష్టం. ఎప్పుడూ మీద పడే శబ్దం ఒక్కసారి తన చేతిలోకి వచ్చినట్టు ఉంటుంది. తెలుగులో ఇలాంటి చప్పుళ్ళకు కొదవ లేదు కనుక రాయడం కూడా సులువు. అయితే చదివేవాళ్ళు హుషారెక్కి అరిస్తే మొదటికే మోసం. నొప్పి వల్ల ఇబ్బంది పడే పిల్లకు ఇది మొదటి పుస్తకంగా ఇవ్వకండి.

| పద్ధతి | బాగా కుదిరేది | కుదరనిది | తయారీకి పట్టేది |
|---|---|---|---|
| సొంత కథ | ఒక్క పిల్ల, దగ్గరపడిన పండుగ, పెళ్ళి, ప్రయాణం | క్లాసు, ఎనిమిదేళ్ళు దాటి సిగ్గుపడే పిల్లలు | ఒకటి రెండు సాయంత్రాలు |
| జంతువు కథ | క్లాసు, లైబ్రరీ, అచ్చు పుస్తకం | ప్రతి మాటనూ ఉన్నదున్నట్టు తీసుకునే పిల్లలు | కొన్ని వారాలు, అచ్చుకు నెలలు |
| శబ్దానికి నోరు | మిక్సీ, కుక్కర్ లాంటి ఇంటి శబ్దాలు | టపాకాయలు, డీజే, డ్రిల్లింగ్ | కొన్ని రోజులు |
| చప్పుళ్ళ పుస్తకం | 2 నుంచి 4 ఏళ్ళు, భయం కన్నా కుతూహలం ఉన్న పిల్లలు | చెవులు నొప్పిపుట్టే పిల్లలు | ఒక సాయంత్రం |

## ఏ దారైనా ఒక పేజీ పెద్దవాళ్ళది

శబ్దం ఇబ్బంది మీద రాసిన కథలో పని అంతా పిల్ల మీదే పెడితే అన్యాయం. ఊపిరి తీసుకో, లెక్కపెట్టు, ఓర్చుకో అన్నీ పిల్లకే, పెద్దవాళ్ళు మాత్రం చూస్తూ కూర్చుంటారు. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళ మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వొచ్చు. ఈ లెక్కలు పిల్లల పుస్తకంలో పెట్టమని కాదు. "నాన్న మండపం అన్నయ్యలతో మాట్లాడాడు. వాళ్ళు స్పీకర్‌ను మా కిటికీ వైపు నుంచి పక్కకు తిప్పారు" అని ఒక్క పేజీ పెట్టండి. అడిగితే వినేవాళ్ళుంటారని పిల్లకు తెలియాలి. ఆ పేజీ రాసినందుకు నాన్న నిజంగా వెళ్ళి మాట్లాడాలి, అది వేరే చెప్పక్కర్లేదు.

## బొమ్మల సంగతి

సొంత కథకు ఫోన్ ఫొటోలను మించినవి లేవు. అదే గది, అదే మంచం, అదే నీలం ఇయర్ మఫ్స్. ఫొటోలో సామాన్లు తక్కువగా, గోడ ఖాళీగా ఉండేలా చూసుకోండి, లేకపోతే పిల్ల కన్ను పక్కనున్న బొమ్మ మీదకో టీవీ మీదకో పోతుంది. కలర్ జిరాక్స్ షాపులో ప్రింట్ తీయిస్తే చాలు. ఆ ఫైలు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, అది పిల్ల ఇబ్బంది గురించిన పుస్తకం.

చేత్తో వేసే బొమ్మలకు నా ఓటు ఎప్పుడూ ఉంటుంది, బొమ్మలు రాకపోయినా సరే. ముఖ్యంగా ఒక పేజీ పిల్లకే వదిలేయండి: "ఆ శబ్దం ఎలా ఉంటుందో గీసి చూపించు." ఒకరు నల్లటి గీతలతో కాగితం చిరిగేలా రుద్దుతారు, ఒకరు ముళ్ళ బంతి వేస్తారు. మాటల్లో చెప్పలేనిది అక్కడ కనబడుతుంది, మీ కథకు కావలసిన శబ్దం బొమ్మ కూడా దొరికినట్టే.

జంతువు కథ రాసుకుని బొమ్మల దగ్గర ఆగిపోయినవాళ్ళకు పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్ ఉంది. 2015లో మొదలైన ఈ వేదికలో బొమ్మలు చాలావరకు క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌తో ఉంటాయి. చిత్రకారుల పేరు వేసి ఉచితంగా వాడుకోవచ్చు, తెలుగులో కథ అక్కడే కూర్చుకోవచ్చు. చిక్కల్లా, నలుగురు చిత్రకారుల బొమ్మలు కలిపితే పేజీ పేజీకీ కుందేలు మారిపోతుంది. ఒక్కరు వేసిన బొమ్మల వరుస తీసుకుని, దానికి తగ్గట్టు కథను సర్దుకోవడం మేలు.

ఏఐతో బొమ్మలు చేయిస్తే తొందరగా అయిపోతుంది, ఖర్చూ తక్కువ. కానీ రెండో పేజీకి పిల్ల గౌను రంగు మారుతుంది, మన వంటిల్లు మన వంటిల్లులా ఉండదు, బొమ్మలో తెలుగు అక్షరాలు రాయమంటే తరచూ గజిబిజి అవుతాయి. వాడితే బొమ్మ వరకే వాడి, అక్షరాలు విడిగా టైప్ చేసుకోండి. పోలిక కోసమని పిల్ల ఫొటో అందులో పెట్టకండి. అచ్చు వేసి అమ్మాలనుకునేవాళ్ళు మాత్రం చిత్రకారుల దగ్గరికే వెళ్ళాలి. ఎన్ని బొమ్మలు, ఎన్నిసార్లు మార్పులు, హక్కులు ఎవరివి, అట్ట మీద పేరు ఎలా అన్నవి ముందే కాగితం మీద రాసుకుంటే ఇద్దరికీ టెన్షన్ ఉండదు.

శబ్దాన్ని ఎలా చూపించాలన్నది ఏ పద్ధతికైనా వచ్చే ప్రశ్న. అక్షరాలనే పెంచడం నాకు నచ్చిన మార్గం: "ధన్" వీధి చివర చిన్నగా మొదలై, ఇంటి ముందుకు వచ్చేసరికి పేజీ అంచులు దాటిపోతుంది, తలుపు వేశాక మళ్ళీ సన్నబడుతుంది. కళ్ళతో చూసి శబ్దం తగ్గడం తెలుస్తుంది. చేర్యాల పటాల్లోలా ఎర్రటి నేపథ్యం మీద నిండుగా జనం ఉన్న బొమ్మ ఊరేగింపు పేజీకి అద్భుతంగా ఉంటుంది, కానీ అంత నిండుదనం ఒక్క పేజీకే ఉంచండి. వెనక గది పేజీలో రెండు రంగులు, ఇద్దరు మనుషులు, బోలెడంత ఖాళీ ఉండాలి.

అక్షరాల విషయంలో కథకు మండలి లాంటి తేలికగా చదవగలిగే ఫాంట్ తీసుకుని, చప్పుళ్ళకు మాత్రం రవిప్రకాశ్ లాంటి లావుపాటిది వాడొచ్చు. వరుసల మధ్య దూరం సరిపోకపోతే "స్పీకర్లు" లాంటి మాటల్లో వత్తులు కింది వరుసకు తగులుతాయి. ప్రింట్‌కు ఇచ్చే ముందు వత్తులున్న మాటలన్నీ ఒకసారి చూసుకోండి.

## పేజీలు, చదివే వేళ

ఇంట్లో చేసే పుస్తకానికి నాలుగు ఏ4 కాగితాలు మధ్యకు మడిచి పిన్ను కొడితే 16 పేజీలు వస్తాయి. అట్ట పోను కథకు పన్నెండు దాకా మిగులుతాయి, అది ఎక్కువే. అచ్చు పుస్తకాలు ఫారాల (ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చేసి మడిచే పేజీల కట్ట) లెక్కన 16 లేదా 32 పేజీలుగా ఉంటాయి కాబట్టి కథను ముందే ఆ లెక్కలో విడగొట్టుకోవాలి. అచ్చు పుస్తకానికి వేసే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌ను మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ సంస్థ ఉచితంగానే ఇస్తుంది.

చదవడం పండుగకు రెండు వారాల ముందు, ఇల్లు నెమ్మదిగా ఉన్న వేళ మొదలుపెట్టాలి. శబ్దం మొదలయ్యాక పుస్తకం తీస్తే పిల్ల చెవికి మీ మాట ఎక్కదు. నాలుగైదు రోజులు చదివాక పిల్ల ఏ పేజీని గబగబా తిప్పేస్తోందో, ఏ పేజీ దగ్గర ఆగుతోందో కనిపెట్టండి. తిప్పేసే పేజీలో శబ్దం బొమ్మ మరీ పెద్దదిగా ఉందా, ఉపాయం తనకు నచ్చలేదా అని అడిగి మార్చండి. పిన్ను కొట్టిన పుస్తకంలో ఒక కాగితం మార్చడం ఎంతసేపు? క్లాసుకు కాపీలు తీయాలన్నా, అచ్చుకు పంపాలన్నా ఈ మార్పులు అయ్యాకే.